పిల్లోడికి రాసిన మాత్ర, వాళ్ల నాన్నకూ ఉన్న ఇబ్బంది

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోడు, నోట్సు సగమే రాసుకొస్తాడు, నోటికొచ్చిన లెక్కే పేపర్లో తప్పు చేస్తాడు. వారానికో పెన్సిల్ డబ్బా పోగొడతాడు. ఫోనిస్తే మాత్రం రెండు గంటలు కదలడు. పోయిన నెల తిరుమల క్యూలో చెయ్యి విడిపించుకుని పరిగెత్తి అరగంట కనపడలేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే పది నిమిషాలు చూసి ఏడీహెచ్‌డీ అని చెప్పి, మిథైల్‌ఫెనిడేట్ 5 మి.గ్రా. మాత్రలు రాశారు. మా అత్త "మొగపిల్లోడు అట్లే ఉంటాడు, పెద్దయితే సర్దుకుంటాడు, మత్తు మాత్రలు మింగించొద్దు" అంటోంది. మాత్రలు బీరువాలోనే ఉన్నాయి. మా ఆయనకు 36 ఏళ్లు, ఆయనా ఇంతే. బండి తాళాలు, కరెంటు బిల్లు ఏదీ గుర్తుండదు. ఐదేళ్లలో మూడు ఉద్యోగాలు మారాడు. "నాకూ అదే ఉన్నట్టుంది, వాడి మాత్ర ఒకటి వేసుకుని చూస్తా" అంటున్నాడు. తప్పు నా పెంపకంలో ఉందా? మాత్ర ఇవ్వాలా?

జవాబు: అమ్మా, ముందు పెంపకం సంగతి. మీరు సరిగా పెంచకపోవడం వల్ల బాబుకు ఇది రాలేదు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవని, కుదురు లేని సమస్య, అది చాలావరకు పుట్టుకతో వచ్చే లక్షణం. కవలల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే, ఈ విషయంలో ఒక బిడ్డకూ ఇంకో బిడ్డకూ కనిపించే తేడాలో 70 నుంచి 80 శాతం వంశపారంపర్యమే. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు బాగా తక్కువ ఉండడం, కడుపులో ఉన్నప్పుడు పొగాకు పొగ తగలడం కూడా కొంత కారణం కావచ్చు. చక్కెర తింటే పిల్లలు ఎగురుతారన్న మాటను పరీక్షించి చూశారు, నిలబడలేదు. ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టే మీ ఆయన గురించి మీరు రాసిన నాలుగు ముక్కలూ చాలా ముఖ్యం. ఈ జవాబులో ఆయనకూ పెద్ద భాగమే ఉంది.

బాబుకు ఏం చెయ్యాలో తెలుసు. తెలిసిన పనిని ఆ నిమిషంలో మొదలుపెట్టడం, మధ్యలో వదలకుండా పూర్తి చెయ్యడం దగ్గరే చిక్కు. మనసును ఒకచోట నిలిపే, తొందరను ఆపే పని మెదడు ముందు భాగానిది. అక్కడి నరాల మధ్య కబురు మోసే డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు ఈ పిల్లల్లో సరిపడా పనిచెయ్యవు. ఫోనులో ప్రతి రెండు మూడు సెకన్లకూ ఏదో ఒక బహుమతి దొరుకుతుంది కాబట్టి అక్కడ కదలడు. ఎక్కాల పుస్తకంలో ఆ బహుమతి ఎప్పుడో పరీక్షల తర్వాత. ఫోను పట్టుకుని కూర్చోగలుగుతున్నాడు కాబట్టి చదువు దగ్గర నాటకాలాడుతున్నాడని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పది నిమిషాల్లో చెప్పిన రోగం పేరు నమ్మవచ్చా అన్న అనుమానం మీకు ఉండే ఉంటుంది. పేరు సరైనదే కావచ్చు, కానీ కొన్ని పనులు ఇంకా మిగిలున్నాయి. దీనికి రక్తపరీక్ష లేదు, మెదడు స్కానింగూ లేదు. లక్షణాలు చూసే తేలుస్తారు. ధ్యాసకు సంబంధించి తొమ్మిది, కుదురులేనితనం, తొందరపాటుకు సంబంధించి తొమ్మిది లక్షణాలున్నాయి. ఏదో ఒక వరుసలో ఆరైనా ఉండాలి, ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. ఇంట్లో, బడిలో రెండుచోట్లా కనపడాలి, పిల్లవాడి చదువుకో స్నేహాలకో అడ్డం పడుతుండాలి. బడిలో ఎలా ఉంటాడో తెలియాలంటే టీచరు నింపిన ప్రశ్నపత్రం తప్పనిసరి. దానికి వాండర్‌బిల్ట్, కానర్స్ వంటి ఫారాలున్నాయి. మీ డాక్టరు అడగకపోతే మీరే అడిగి తీసుకుని క్లాసు టీచరుతో నింపించండి. కొత్త చోట, కొత్త మనిషి ముందు ఈ పిల్లలు చాలామంది బుద్ధిగా కూర్చుంటారు. డాక్టరు గదిలో బాబు ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి అవునని కానీ కాదని కానీ తేల్చలేరు.

ఇంకా కొన్ని చూడాలి. చూపు, వినికిడి పరీక్ష చేయించండి. రాత్రి గురక పెట్టి, నోటితో గాలి పీలుస్తూ పడుకునే బిడ్డ పగలు ఇలాగే ఉంటాడు, గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ వాచాయేమో చూపించాలి. రక్తహీనత ఉంటే ఇనుము తక్కువైందేమో తెలుసుకోవాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, పిలిచినా పలకకుండా మళ్లీ మామూలైతే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి. చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకమైన ఇబ్బంది ఈ పిల్లల్లో చాలామందికి తోడుగా ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉంటే దానికి వేరే పరీక్ష ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, నేర్చుకోవడంలో ఇబ్బంది మాత్రం ఉంది. ఆ సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.

ఇక మాత్ర. మా అభిప్రాయం సూటిగా చెప్తాం: రోగనిర్ధారణ ఖాయమైతే, బాబుకు ఉన్నంత ఇబ్బంది ఉంటే, ఇవ్వడమే మంచిది. ఆరేళ్ల లోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణతోనే మొదలుపెట్టాలి. తొమ్మిదేళ్ల బిడ్డకు మందు, ప్రవర్తన శిక్షణ రెండూ కలిపి ఇస్తారు. 1999లో అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలు నడిచిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ధ్యాస, కుదురు విషయంలో ప్రవర్తన శిక్షణ ఒక్కటే ఇచ్చినవాళ్ల కన్నా జాగ్రత్తగా మందు ఇచ్చినవాళ్లు బాగా మెరుగుపడ్డారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లకు తక్కువ డోసే సరిపోయింది.

మీ అత్తగారి భయం ఆధారం లేనిదేమీ కాదు. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రణలో ఉన్న మందే. చీటీ లేకుండా ఇవ్వకూడదు, అన్ని మందుల షాపుల్లో ఉండదు కూడా. కానీ డాక్టరు చెప్పిన డోసులో నోటితో మింగినప్పుడు అది మత్తు ఎక్కించదు. చిన్నప్పుడు ఈ మందు వాడిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల పాలయ్యే అవకాశం పెరుగుతుందని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో తేలలేదు. ఇది కొత్త మందూ కాదు, అరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది. "పెద్దయితే సర్దుకుంటాడు" అన్నది సగం నిజం. ఎగరడం, దూకడం చాలామందిలో తగ్గుతుంది. మతిమరుపు, పనులు వాయిదా వెయ్యడం, తొందరపాటు సగానికి పైగా మందిలో ఏదో ఒక రూపంలో మిగులుతాయి. అలా మిగిలితే ఎలా ఉంటుందో మీ ఆయన్ని చూస్తున్నారు కదా.

మొదలుపెట్టే ముందు బాబు బరువు, ఎత్తు, బీపీ, నాడి రాయించుకోండి. వాడు ఎప్పుడైనా ఆడుతూ స్పృహ తప్పాడా, గుండెజబ్బు ఉందా, ఇంటి మనుషుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా అన్నవి డాక్టరుకు చెప్పాలి. వీటిలో ఏదైనా ఉంటే ముందు గుండె డాక్టరుకు చూపించాలి.

మామూలు 5 మి.గ్రా. మాత్ర అరగంట నుంచి గంటలో పనిచెయ్యడం మొదలుపెట్టి మూడు నాలుగు గంటలు ఉంటుంది. అందుకే సాధారణంగా ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి రాస్తారు. అవసరాన్ని బట్టి వారానికి 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున డాక్టరే పెంచుతారు. రోజుకు 60 మి.గ్రా. పై హద్దు, చాలామందికి అంత దూరం పోనక్కర్లేదు. మొదటి మాత్ర ఆదివారం ఇవ్వండి, దాని పనితీరు మీ కళ్లతో చూడవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక వెయ్యొద్దు, రాత్రి నిద్రపట్టదు. బడిలో మధ్యాహ్నం మాత్ర వేయించడం కుదరకపోతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేసే రకం గురించి అడగండి. ఆ మాత్రను విరవకూడదు, నలపకూడదు.

చాలా ఇళ్లలో మందు రెండో వారంలోనే ఆగిపోతుంది, కారణం ఆకలి. మధ్యాహ్నం డబ్బా అలాగే తిరిగొస్తుంది, తల్లికి ప్రాణం ఒప్పదు, మాత్ర మానేస్తుంది. దీనికి ముందే ఏర్పాటు చేసుకోండి. మాత్రకు ముందు కడుపునిండా తినిపించండి: దోసెలు, గుడ్డు, పాలు. మధ్యాహ్నం తిన్నంత తిననివ్వండి, తిట్టొద్దు. మందు దిగిపోయాక సాయంత్రం ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు చెనిక్కాయల ఉండలో అరటిపండో ఇచ్చి, రాత్రికి సంగటి, పప్పు, మాంసమో గుడ్డో గట్టిగా పెట్టండి. కడుపునొప్పి, తలనొప్పి మొదట్లో వచ్చి రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. సాయంత్రం మందు దిగే వేళ కొందరు పిల్లలు చిరచిరలాడతారు, ఆ గంటలో హోంవర్కు పెట్టకండి. బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి కొలిపించండి, ఎత్తు పెరగడం కొంచెం నెమ్మదించవచ్చు. పిల్లవాడు నవ్వూ మాటా లేకుండా బొమ్మలా కూర్చుంటే "బుద్ధిమంతుడైపోయాడు" అని సంతోషపడొద్దు. అది డోసు ఎక్కువైన గుర్తు, తగ్గించాలి. గుండె దడ, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనపడడం, వినపడడం జరిగితే మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవండి.

ఈ మందు పడకపోతే ఆటమాక్సెటిన్ ఉంది. దాన్ని కిలో బరువుకు రోజుకు 0.5 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి 1.2 మి.గ్రా. దాకా తీసుకుపోతారు. గుణం కనపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, సెలవు రోజుల్లో మానకూడదు, గుళికను తెరవకూడదు. మొదటి వారాల్లో పిల్లవాడు దిగులుగా ఉంటున్నాడా, చావు మాటలు మాట్లాడుతున్నాడా అని కనిపెట్టి ఉండాలి. క్లోనిడిన్ అనే ఇంకో మందు రాస్తే దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, బీపీ ఎగబాకుతుంది. జ్ఞాపకశక్తి టానిక్కుల మీద, తలకు తీగలు పెట్టి చేసే ఖరీదైన శిక్షణల మీద డబ్బు తగలెయ్యొద్దు. పేరూ చీటీ లేని పొడులు అసలే వద్దు. కొన్నింటిలో సీసం ఉంటుంది, సీసం ధ్యాసనే దెబ్బతీస్తుంది.

మాత్ర మెదడుకు కొంత తెరిపినిస్తుంది, ఆ తెరిపిలో అలవాటు నేర్పాల్సింది మీరు. ఈ పిల్లలకు ఉపదేశం పొద్దున చేసి సాయంత్రం ఫలితం ఆశిస్తే దొరకదు. గుర్తుచెయ్యడమైనా, మెచ్చుకోవడమైనా పని జరిగే చోట, జరిగే నిమిషంలోనే ఉండాలి. వంటింట్లో నుంచి కేకేయకండి. దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూసి ఒక్క పని చెప్పండి, వాడితో తిరిగి చెప్పించుకోండి. "బ్యాగు సర్దుకుని, షూ వేసుకుని, నీళ్లు పట్టుకో" అంటే మొదటిదే మిగులుతుంది.

ఒక కాగితం మీద మూడు పనులు రాయండి, నాలుగో దానికి పోవద్దు. "బుద్ధిగా ఉండాలి" అని రాస్తే లాభం లేదు, ఏది చేస్తే టిక్కు పడుతుందో వాడికి తెలియాలి. "ఏడున్నరకు బ్యాగు తలుపు దగ్గర పెట్టాలి" అని రాయండి. చేసిన వెంటనే టిక్కు పెట్టండి, అదే రోజు సాయంత్రం టిక్కులకు తగిన చిన్న బహుమతి ఇవ్వండి: నాన్నతో ఇరవై నిమిషాల క్రికెట్, రాత్రికి వాడికి ఇష్టమైన కూర. "ఫస్టు ర్యాంకు వస్తే సైకిలు" ఈ పిల్లలకు పనిచెయ్యదు, సైకిలు చాలా దూరంలో ఉంటుంది. మొదటి రెండు వారాలు టిక్కులు తీసెయ్యడం వద్దు. శిక్షతో మొదలైతే మూడో రోజుకే పిల్లవాడు ఆ కాగితం వైపు చూడడు. మూడు నాలుగు వారాలకు బహుమతి పాతబడి పనిచెయ్యడం మానేస్తుంది. అప్పుడు పద్ధతి మార్చకండి, బహుమతి మార్చండి. హోంవర్కును పది పదిహేను నిమిషాల ముక్కలు చేసి, మధ్యలో ఐదు నిమిషాలు కదలనివ్వండి. కొట్టడం వల్ల వాడి ధ్యాస పెరగదు, అబద్ధాలు మాత్రం పెరుగుతాయి.

టీచరుగారిని అడగాల్సినవి తక్కువే. ముందు బెంచీ, కిటికీకి దూరంగా. నెమ్మదైన పిల్లవాడి పక్కన చోటు. డైరీలో హోంవర్కు రాసుకున్నాడో లేదో రోజూ ఒక్కసారి చూసి సంతకం. నోట్‌బుక్కులు పంచడం, డస్టరు తేవడం వంటి పనులు చెప్పి మధ్యమధ్య లేపడం. అల్లరి చేశాడని ఆటల పీరియడు మాత్రం తీసెయ్యొద్దని గట్టిగా కోరండి, ఈ పిల్లలకు అదే అన్నిటికన్నా అవసరం. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎగరకుండా దూకకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల్లోనూ ఇదే సమస్య ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది పెట్టరు కాబట్టి వాళ్ల గురించి ఎవరూ ఇలా ఉత్తరం రాయరు.

తిరుమల సంగతి మమ్మల్ని కలవరపెట్టింది. ఆగకుండా పరిగెత్తడం ఈ సమస్యలో అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం. గంటలకొద్దీ కంపార్టుమెంటులో కూర్చోబెట్టడం ఈ బిడ్డకు పెద్ద పరీక్ష, మరికొన్నాళ్లు అది తప్పించండి. 300 రూపాయల దర్శనమో, తిరుపతిలో ఇచ్చే సమయం వేసిన సర్వదర్శనం టోకెనో తీసుకుంటే కూర్చునే వేళ తగ్గుతుంది. మీ ఫోను నంబరు చెరగని సిరాతో వాడి ముంజేతి మీద రాయండి. మెరిసే రంగు చొక్కా వెయ్యండి. తప్పిపోతే కదలకుండా నిలబడి యూనిఫాంలో ఉన్నవాళ్లను పిలవాలని ముందురోజు ఇంట్లోనే ఆటలా చేయించండి. ఒక పెద్దమనిషి పని వాడి చెయ్యి పట్టుకోవడం ఒక్కటే అయ్యుండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. గంగమ్మ జాతర రద్దీలోనూ ఇదే పద్ధతి.

ఇప్పుడు మీ ఆయన. బాబు మాత్ర ఆయన వేసుకోవద్దు. బీపీ చూడకుండా, గుండె సంగతి తెలుసుకోకుండా వేసుకోవడం ప్రమాదం, ఒక్క మాత్ర వేసుకుని కాస్త హుషారనిపించినంత మాత్రాన రోగం ఉన్నట్టూ కాదు. ఒకరి పేరున రాసిన నియంత్రిత మందును ఇంకొకరు వాడడం చట్టం ఒప్పుకోదు. మాత్రలు తాళం వేసిన చోట ఉంచి రోజూ మీరే లెక్కపెట్టి ఇవ్వండి.

ఆయన్ను విడిగా చూపించండి. పెద్దల్లో ఐదు లక్షణాలుంటే చాలు, కానీ పన్నెండేళ్ల లోపు నుంచే ఉండాలి. ఇక్కడ మీ అత్తగారి సాక్ష్యం విలువైనది: బడిలో ఎలా ఉండేవాడు, ఎన్ని పలకలు పోగొట్టాడు, టీచర్లు ఏమనేవాళ్లు. ఆమెను వెంట తీసుకుపోండి. మొగపిల్లలు అట్లే ఉంటారన్న ఆమె మాటకు మూలం కొడుకును పెంచిన అనుభవమే కావచ్చు. పెద్దవాళ్లు ఎగరరు. లోపల మాత్రం కుదురు లేనట్టు ఉంటుంది, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అందుకుంటారు, చెయ్యాల్సిన పని తప్ప మిగతావన్నీ చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆరు ప్రశ్నల ఫారం ఉంది, అందులో నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిపోతే వివరంగా చూడాలని అర్థం. దిగులు, ఆందోళన, థైరాయిడ్, గురకతో కూడిన నిద్రలేమి, మద్యం కూడా ఇలాంటి మతిమరుపే తెస్తాయి. వాటిని పక్కన పెట్టాకే మందు. పెద్దలకూ ఇవే మందులు పనిచేస్తాయి.

ఆయన్ను కూడా చూపించమనడానికి బాబే కారణం. టిక్కుల కాగితం రోజూ, ఒకే రకంగా, మరిచిపోకుండా నడపాలి. ఆ పనే ఆయనకు అన్నిటికన్నా కష్టం. తండ్రి సమస్యకు వైద్యం లేకపోతే ఈ శిక్షణ సగంలో ఆగిపోతుంది, నింద మీ మీద పడుతుంది. అందాకా ఇంట్లో కొన్ని మార్చుకోండి. తాళాలకు తలుపు పక్కన ఒక్క కొక్కెం, ఇంకెక్కడా పెట్టకూడదు. కరెంటు బిల్లు ఖాతా నుంచి దానంతటదే కట్టేలా పెట్టండి. ఫోను అలారానికి ఏ పనో పేరు పెట్టాలి, మోగగానే లేచి చేస్తేనే ఆపాలి. పెద్ద పనికి ఆయన మొదలుపెట్టే పది నిమిషాలు మీరు పక్కన కూర్చోండి, సలహా ఇవ్వకండి. ఈ సమస్య ఉన్నవాళ్లకు రోడ్డు ప్రమాదాలు ఎక్కువ, బండి మీద హెల్మెట్ లేకుండా గడప దాటనివ్వొద్దు.

వైద్యం దగ్గరలోనే ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు నుంచి వేలూరు ఇంకా దగ్గర, సీఎంసీ వాళ్ల మానసిక వైద్యకేంద్రం బాగాయంలో ఉంది, పిల్లలకు విడిగా చూస్తారు. చిక్కుముడిగా ఉన్న కేసులకు బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. బాబు సర్కారు బడిలో చదువుతుంటే, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చూసే 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, వాళ్ల చీటీతో జిల్లాలోని పిల్లల చికిత్సా కేంద్రంలో ఉచితంగా చూపించుకోవచ్చు. మధ్యలో ఏదైనా అనుమానం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

రెండోసారి పోయేటప్పుడు ఒక నోట్‌బుక్కు తీసుకుపోండి. అందులో రోజుకు నాలుగు మాటలు చాలు: మాత్ర ఎన్ని గంటలకు వేశారు, మధ్యాహ్నం ఎంత తిన్నాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, టీచరు ఏమన్నారు. మార్కులు రాయకండి, మార్కులు మారడానికి నెలలు పడుతుంది. నోట్సు పూర్తిగా రాసుకొచ్చాడా, ఎన్నిసార్లు లేచాడు అన్నవి మొదటి రెండు వారాల్లోనే మారతాయి, డాక్టరు డోసు నిర్ణయించేది వాటిని చూసే. ఏ మార్పూ కనపడకపోతే మందు పనిచెయ్యలేదని మానెయ్యకండి, 5 మి.గ్రా. చాలామంది పిల్లలకు చాలదు. ఆ నోట్‌బుక్కు చూపించి పెంచాలేమో అడగండి.